నల్లమట్టి పెరట్లో తొలకరికి మడులు ఎలా కట్టుకోవాలి, నారు ఎలా పోసుకోవాలి?

పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లే దారిలో కొత్తగా ఇల్లు కట్టుకున్న ఒకాయన అడిగారు. ఇంటి వెనక నాలుగు సెంట్ల జాగా ఉంది. ఒకప్పుడు వరిచేను, మెరక (పల్లం పూడ్చే మట్టి) తోలించి ఇల్లు కట్టారు. ఎండాకాలంలో చెయ్యి దూరేంత బీటలు, వానాకాలంలో చెప్పు ఊడొచ్చేంత బురద. పోయిన ఏడాది రెండు ట్రాక్టర్ల ఇసుక కలిపించి, టమాటా, వంగ నారు కొని తెచ్చి నాటారు. వంగ ఎదగనే లేదు. టమాటా మొక్కలు పచ్చగా ఉండగానే రెండు రోజుల్లో వాలిపోయాయి. ఈసారి తొలకరికి మట్టిని ఎలా సిద్ధం చేసుకోవాలి, ఏ ఎరువులు వేయాలి, నారు ఇంట్లోనే పోసుకోవచ్చా అన్నది ఆయన ప్రశ్న.

పోసుకోవచ్చండి, తప్పకుండా పోసుకోండి. నేను రావులపాలెం దగ్గర పల్లెటూళ్లో ముప్పై ఏళ్లుగా పెరడు చేస్తున్నాను. కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్తయ్యగారి వెనక తిరిగి నేర్చుకున్నది కొంత, తర్వాత మొక్కలు పోగొట్టుకుని నేర్చుకున్నది కొంత. నారు సంగతి వివరంగా చెప్తాను. దానికంటే ముందు మీ మట్టి గురించి మాట్లాడాలి. మీరు ఎరువుల గురించి ఎక్కువ అడిగారు, నీళ్ల గురించి అసలు అడగలేదు. మీ ఇబ్బంది అంతా అక్కడే ఉందని నాకు అనిపిస్తోంది.

మీ జాగా ఒకప్పుడు వరిచేను అన్నారు కదా, ఆ ఒక్క మాటలో చాలా ఉంది. గోదావరి తెచ్చి పోసిన సన్నటి ఒండ్రు మన నేల. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, కాలువలు పారాక డెల్టా అంతా వరే అయింది. వరికి నీళ్లు నిలవాలి. అందుకే ఏటా నీళ్లు పెట్టి దమ్ము చేస్తారు, అంటే నీళ్లలోనే దున్ని మట్టిని బురద చేస్తారు. దమ్ము చేసేకొద్దీ మట్టి గుల్లదనం పోయి పేస్టులా అవుతుంది, ఆరేడు అంగుళాల కింద గట్టి పొర ఏర్పడుతుంది. నీళ్లు కిందికి దిగకూడదని తరాలపాటు తయారు చేసిన నేల అది. వరికి అది మేలు. వంగకీ టమాటాకీ వేరు చుట్టూ నీళ్లు నిలిస్తే గాలి ఆడదు, వేరు కుళ్లుతుంది. బలం ఎంత ఉన్నా వేరు తీసుకోలేదు. మీ వంగ ఎదగకపోవడానికి నాకు తోచిన కారణం ఇదే.

ఇక మెరక. మెరక పేరుతో ఏం తోలారో ఎవరూ చూసుకోరు. చెరువు తవ్విన అడుగు మట్టి కావచ్చు, గ్రావెల్ కావచ్చు, పాత ఇల్లు పడగొట్టిన గోడల మట్టి కావచ్చు. పలుగుతో నాలుగు చోట్ల అడుగున్నర లోతు తవ్వి కళ్లతో చూడండి. సిమెంటు పెళ్లలు, సున్నం ముద్దలు కనిపిస్తే ఏరెయ్యాలి. మన నల్లమట్టికి అసలే సున్నం గుణం ఎక్కువ. బూదిరంగులో జిగటగా, మురుగు వాసన వేసే మట్టి తగిలితే అక్కడ నీళ్లు నిలుస్తున్నాయని అర్థం.

తవ్విన గుంతల్లోనే ఇంకో పరీక్ష చేయండి. గుంత నిండా నీళ్లు పోసి పూర్తిగా ఇంకనివ్వండి. ఆ తర్వాత రెండోసారి నింపి, అప్పటి నుంచి లెక్క పెట్టండి. మొదటిసారి లెక్క పనికిరాదు, ఎందుకంటే మే నెలలో బీటల్లోంచి నీళ్లు చప్పున జారిపోతాయి, నేల బాగానే పీలుస్తోందని మనం పొరబడతాం. తడిసి బీటలు మూసుకున్నాక ఎలా ఉందో అదే వానాకాలపు సంగతి. రెండోసారి పోసిన నీళ్లు గంటకు అంగుళం కంటే తక్కువ దిగితే ఎత్తు మడి తప్పనిసరి. తెల్లారేసరికి గుంతలో ఇంకా నీళ్లుంటే మడి అడుగుకి పైగానే లేపాలి.

ఇసుక గురించి బాధపడకండి. చాలామంది అదే చేస్తారు. బంకమట్టిని ఇసుకతో గుల్ల చేయాలంటే మట్టికి సమానంగానో, ఇంకా ఎక్కువగానో ఇసుక పడాలి. అంతకు తక్కువైతే ఇసుక రేణువులు బంకలో కూరుకుపోయి, ఎండాక గచ్చులా గట్టిపడుతుంది. వేసింది తీయనక్కర్లేదు. ఇంకా మాత్రం వేయకండి. బంకమట్టిని విడదీసేది కుళ్లిన పెంట, ఆకు, గడ్డి, వానపాములు. అది ఒక్క ఏడాదిలో తెమిలే పని కాదు, మూడేళ్లకు తేడా మీకే తెలుస్తుంది. మా పెరట్లో మొదట్లో పలుగు దిగని మట్టిలోకి ఇప్పుడు చెయ్యి దిగుతుంది.

మీది నరసాపురం వైపు కాబట్టి ఉప్పు సంగతి కూడా చూసుకోవాలి. సముద్రం దగ్గర, పైగా చుట్టుపక్కల రొయ్యల చెరువులు ఎక్కువ. ఎండాకాలంలో నేల మీద తెల్లగా పొరలా పేరుకుంటోందా? బోరు నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పగా ఉన్నాయా? అలా ఉంటే ఆ నీళ్లు నారుకి ఒక్క రోజు కూడా పొయ్యకండి. మట్టి పరీక్ష చేయించండి. ఐదారు చోట్ల ఆరంగుళాల లోతు వరకు మట్టి తీసి, అంతా కలిపి, నీడన ఆరబెట్టి అరకిలో పట్టుకెళ్తే చాలు. మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడగండి, లేదా ఉండిలో కృషి విజ్ఞాన కేంద్రం మీకు దగ్గరే. కాగితం వచ్చాక రెండు అంకెలు చూడండి. లవణాల అంకె, అంటే ఇ.సి., 1 లోపు ఉంటే కూరగాయలకు భయం లేదు. పీహెచ్ 8.5 దాటితే చౌడు, అప్పుడు వాళ్లు చెప్పిన లెక్కన జిప్సం వేయాలి. అంకె చూడకుండా జిప్సం కొనకండి. ఉప్పు మరీ ఎక్కువగా ఉంటే చిక్కుడు జాతివి ముందు దెబ్బతింటాయి, బీట్‌రూట్, పాలకూర కాస్త తట్టుకుంటాయి. ఎత్తు మడి ఉప్పుకి కూడా మందే. జూన్, జూలై వానలకు మడిలో ఉప్పు కడుక్కుని మడుల మధ్య కాలిబాటలోకి దిగిపోతుంది, మీరు చేయాల్సిందల్లా ఆ నీళ్లు బయటికి పోయే దారి చూపించడం.

ఇప్పుడు తవ్వకం. మన పెద్దవాళ్లు అదను, పదును అని రెండు మాటలు వేరువేరుగా వాడతారు. అదను అంటే కాలం, పదును అంటే మట్టిలో సరైన తేమ. నల్లమట్టిలో పదును రెండు మూడు రోజుల కంటే నిలవదు, ఆ రోజుల్లోనే పని ముగించాలి. మా అత్తయ్యగారు నాలుగంగుళాల లోతు నుంచి మట్టి తీసి పిడికిట్లో నొక్కేవారు. ఉండ కట్టాలి, చేతికి అంటకూడదు, బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా రాలాలి. అంటుకుని నున్నగా మెరిసిందంటే ఇంకో రోజు ఆగమనేవారు. తడి మట్టిని తవ్వితే మీరు చేసేది దమ్మే, ఎండాక పెళ్లలు రాళ్లవుతాయి, ఆ ఏడాదంతా విరగవు. పొడి మట్టిని తవ్వితే నడుం విరుగుతుంది తప్ప మట్టి విరగదు. మే నెలలో గాలివాన పడితే మూడో రోజు నుంచి రోజూ పిడికిలి పట్టి చూడండి. వాన రాకపోతే సాయంత్రం పూట జాగా అంతా తడిపి వదిలేసి, రెండు మూడు రోజులకు చూడండి.

పదును దొరికిన రోజు గునపంతో లోతుగా పొడిచి ఆ గట్టి పొరను పగలగొట్టండి. కింద మట్టి పైకి, పై మట్టి కిందికి తిరగెయ్యకండి. ఎక్కడిది అక్కడే కదలాలి. పనిలో పనిగా తుంగగడ్డలు ఏరాలి. ఇది విసుగు పుట్టించే పని, అయినా ఓపిగ్గా చేయండి. ఒక్క గడ్డ మిగిలినా వానలకు దండు తీస్తుంది. ఎండాకాలంలో పారదర్శక ప్లాస్టిక్ షీటు కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచితే మట్టిలో తెగుళ్లు, చాలా కలుపు విత్తనాలు చస్తాయి. తుంగగడ్డ మాత్రం దానికి పూర్తిగా లొంగదు, చేత్తో తీయాల్సిందే.

మడి వెడల్పు మూడడుగులు పెట్టుకోండి, ఇటువైపు నుంచి సగం, అటువైపు నుంచి సగం చెయ్యి అందుతుంది. పొడవు పదడుగులు, మధ్యలో అడుగున్నర దారి. ఆ దారి మట్టినే తవ్వి మడి మీదికి ఎక్కించండి. అప్పుడు మడి లేస్తుంది, దారి దిగి నీళ్లు పోయే బోదె అవుతుంది. బోదె అడుగు వీధి కాలువ వైపు వాలుగా ఉండాలి. బకెట్ నీళ్లు పోసి, ఎటు పోతున్నాయో చూసుకుంటే సరిపోతుంది. ఒకసారి కట్టాక మడి మీద కాలు పెట్టకూడదు, పిల్లల్ని కూడా ఎక్కనివ్వకండి. నాలుగు సెంట్లూ ఒకేసారి చేయాలని చూడకండి. ఈ ఏడాది ఆరు మడులు చాలు.

ఎరువు లెక్క చెప్తాను. పదడుగుల మడి మీద రెండంగుళాల మందం పరవడానికి దాదాపు నాలుగు సిమెంటు బస్తాల మాగిన పశువుల ఎరువు పడుతుంది. మాగినది అంటే పేడ వాసన ఉండకూడదు, చెయ్యి పెడితే వేడి తగలకూడదు, గడ్డిపోచ గుర్తుపట్టేలా ఉండకూడదు. నమ్మకం లేకపోతే ఒక గ్లాసులో ఆ ఎరువు వేసి పది మెంతులు చల్లండి. మూడు నాలుగు రోజుల్లో బాగా మొలిచి ఆకు పచ్చగా ఉంటే వాడుకోవచ్చు. మాడితే ఇంకో రెండు నెలలు పోగులో ఉంచండి. కోళ్ల ఎరువు మన దగ్గర చవగ్గా దొరుకుతుంది. అది వేడి చేస్తుంది, ఉప్పు కూడా ఎక్కువ. మూడు నాలుగు నెలలు ఎండుగడ్డితో కలిపి మాగబెట్టకుండా వేయొద్దు, మీ మట్టిలో ఉప్పు తేలితే అసలు వద్దు. రైస్ మిల్లు బూడిద ఊరికే ఇస్తున్నారు కదా అని తట్టలకు తట్టలు పోసే అలవాటు కూడా మన వైపు ఉంది. బూడిద క్షారం, మన మట్టి ఇదివరకే ఆ వైపు ఒరిగి ఉంటుంది. అందుకే నేను వాడను. మాడ్చని పచ్చి ఊక మడి పైన కప్పడానికి బాగుంటుంది.

పశువుల ఎరువులో ట్రైకోడెర్మా కలిపితే వేరుకుళ్లు చాలా తగ్గుతుంది. ఎకరం పొలానికి 90 కిలోల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి అని చెప్తారు. మీకు అందులో పదో వంతు చాలు: 9 కిలోలు, ఒక కిలో, 200 గ్రాములు. నీడలో కుప్ప పోసి, కొద్దిగా తడిపి, తడి గోనెసంచి కప్పండి. మధ్యలో ఒకసారి తిరగేసి, వారం పది రోజులయ్యాక మడుల పైమట్టిలో కలపండి. అది ప్రాణమున్న శిలీంధ్రం కాబట్టి ప్యాకెట్ మీద తయారీ తేదీ చూసి కొనండి, ఎండలో పెట్టకండి.

ఆరు మడుల్లో మూడింటిలోనే ఈ తొలకరికి కూరగాయలు పెట్టండి. మిగతా మూడింటిలో, పెరిగాక మట్టిలో కలిపేయడానికే వేసే జీలుగ చల్లండి. ఇది నా సొంత పద్ధతి, మీలాంటి నేలకు ఇంతకంటే మంచిది నాకు తెలీదు. జీలుగ నీళ్లు నిలిచినా బతుకుతుంది, ఉప్పుని తట్టుకుంటుంది, వేరు లోతుగా దిగి ఆ గట్టి పొరను పొడుస్తుంది, గాల్లోని నత్రజనిని బుడిపెల్లో దాచి మట్టికి ఇస్తుంది. మడికి చిన్న గుప్పెడు విత్తనాలు చాలు. జూన్‌లో చల్లితే 45 రోజులకు పూతకు వస్తుంది. కాండం ముదరకముందే కోసి, ముక్కలు చేసి మట్టిలో కలిపేయండి. సెప్టెంబరు చివరికల్లా అది కుళ్లిపోయి, శీతాకాలం టమాటాకీ కాలీఫ్లవర్‌కీ మడులు సిద్ధంగా ఉంటాయి.

టమాటాకి శీతాకాలం అని ఎందుకంటున్నానంటే, మీరు పోయిన ఏడాది తొలకరికే నాటారు. మన డెల్టాలో ఇంటి పెరటికి అది అదను కాదు. జూలై, ఆగస్టు ముసురులో తెగుళ్లు ముంచుకొస్తాయి, రాత్రిళ్లు ఉక్కగా ఉంటే పూత రాలిపోతుంది. టమాటా నారు సెప్టెంబరు చివర్లో పోసి, దసరా వెళ్లాక నాటితే సంక్రాంతికి బుట్టలు నిండుతాయి. అక్టోబరు, నవంబరుల్లో తుఫాను భయం ఉంది కాబట్టి నారు పందిరి కింద ఉండాలి, కొంత నారు అదనంగా పోసుకోవాలి. తొలకరికి మాత్రం బెండ, గోరుచిక్కుడు, బీర, కాకర, ఆనప, పొట్ల, దోస, గోంగూర, తోటకూర, వంగ, మిరప పెట్టుకోండి. పందిరి చిక్కుడు జూలై, ఆగస్టుల్లో పెట్టినా పొద్దు తగ్గాకే పూస్తుంది. తీగ బాగా అల్లుకుని పూత లేదని కంగారుపడి పీకెయ్యకండి.

అసలు ఆ టమాటా మొక్కలు ఎందుకు పోయాయో తేల్చుకోవడం ముఖ్యం. పచ్చగా ఉండగానే, ఆకు పండకుండా, ఒకటి రెండు రోజుల్లో వాలిపోయిందంటే బాక్టీరియా ఎండు తెగులు కావచ్చు. ఈసారి ఏ వంగ మొక్కో అలా వాలితే, మొదలు దగ్గర కోసి, కాండం ముక్కను గాజు గ్లాసులో మంచినీళ్లలో వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాలధారలా తెల్లగా దిగితే అది బాక్టీరియానే. దిగకపోతే నీళ్లు నిలిచి వేరు ఊపిరాడక పోయినట్టు, లేదా వేరే కుళ్లు. బాక్టీరియా అయితే మందు కొట్టి లాభం లేదు. ఆ మొక్కను వేరు చుట్టూ మట్టితో సహా తీసి దూరంగా పారేయాలి, ఎరువుగుంటలో వేయకూడదు. అది ఏళ్ల తరబడి మట్టిలో ఉంటుంది, వంగకీ మిరపకీ కూడా వస్తుంది. కాబట్టి పోయిన ఏడాది టమాటా పోయిన చోట ఈ తొలకరికి వంగ పెట్టకండి. బెండ, తోటకూర, గోంగూరల్లాంటివి పెట్టండి. ఉస్తికాయ లాంటి అడవి వంగ మీద అంటుకట్టిన వంగ, టమాటా మొక్కలు ఈ తెగుల్ని బాగా తట్టుకుంటాయి. కడియం నర్సరీల వైపు వెళ్తే విచారించండి.

ఇక నారు. మీరు కొన్న నారు తప్పు అని అనను. కానీ కొన్న నారుతో పాటు దాని మట్టిలోని తెగులు కూడా ఇంటికి వస్తుంది. ఇంట్లో పోసుకుంటే ఏ విత్తనమో, ఎన్ని రోజుల నారో మనకే తెలుస్తుంది.

నేల మీద నారుమడి పోయకుండా ట్రేల్లో గానీ, అడుగున చిల్లులు పెట్టిన టీ కప్పుల్లో గానీ పోయండి. మన నల్లమట్టిలో సన్నటి వేళ్లు దిగవు, పైన పెచ్చు కట్టి మొలకను లేవనివ్వదు. నేను రెండు వంతులు కొబ్బరి పొట్టు, ఒక వంతు వర్మీకంపోస్టు కలిపి, వేపపిండి ఒక గుప్పెడు వేస్తాను.

కొబ్బరి పొట్టు విషయంలో జాగ్రత్త. కోనసీమ దారుల్లో పీచు మిల్లుల దగ్గర కొండల్లా పోసి ఉంటుంది. పదేళ్ల కిందట ఒక మిల్లు నుంచి నాలుగు బస్తాలు తెప్పించి, కడగకుండా నాలుగు ట్రేలలో మిరప పోశాను. మొలకలు వచ్చాయి, రెండో ఆకు రాకముందే అంచులు మాడిపోయి ఒక్కటీ మిగల్లేదు. విత్తనం మంచిది కాదనుకుని మళ్లీ కొన్నాను, మళ్లీ అంతే. పచ్చి పొట్టులో ఉప్పు ఉంటుందని, కడగాలని తర్వాత ఒక ఉద్యాన అధికారి చెప్పారు. ఇప్పుడు పొట్టుని గోనెసంచిలో నింపి, డ్రమ్ములో రాత్రంతా మంచినీళ్లలో నానబెట్టి, తెల్లారి పిండి, నీళ్లు పారబోస్తాను. ఇలా మూడుసార్లు. మొదటి నీళ్లు చిక్కటి కాఫీ రంగులో ఉంటాయి, మూడోసారికి పల్చటి టీ రంగుకి రావాలి. రాకపోతే నాలుగోసారి. కడగడానికి బోరు ఉప్పునీళ్లు వాడితే చేసిందంతా వృథా. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి నేను మే నెలలో పడిన వాననీళ్లు డ్రమ్ముల్లో పట్టి, దోమలు చేరకుండా బట్ట కట్టి దాచుకుంటాను.

విత్తనం విషయానికొస్తే, ఈ తొలకరికి వంగ, మిరప రోహిణి కార్తె చివర్లో గానీ మృగశిరలో గానీ పోయండి. అంటే జూన్ మొదటి వారం నుంచి మూడో వారం లోపు. వంగలో భాగ్యమతి, శ్యామల మన ఆంధ్ర రకాలు. నాటు వంగ విత్తనం పక్కింట్లో దొరికితే ఇంకా మంచిది, వచ్చే ఏడాదికి మీరే విత్తనం కట్టుకోవచ్చు. హైబ్రిడ్ కాయల విత్తనం దాచుకుంటే మళ్లీ అదే కాయ రాదు. పోసే ముందు చిటికెడు ట్రైకోడెర్మాని చుక్క నీళ్లతో తడిపి విత్తనాలకు పట్టించి నీడన ఆరబెట్టండి. ఒక్కో గుంటలో ఒకటి రెండు విత్తనాలు, లోతు అర సెంటీమీటరు చాలు. లోతుగా పోస్తే బయటికి రాలేక లోపలే కుళ్లుతాయి. పైన తడి గోనెసంచి గానీ వరిగడ్డి గానీ కప్పి, నాలుగో రోజు నుంచి పొద్దున్నే తీసి చూడండి. మొదటి మొలక తల ఎత్తిన రోజే కప్పు తీసేయాలి. ఒక్క రోజు ఆలస్యమైనా మొలకలు తెల్లగా, సన్నగా సాగిపోతాయి. టమాటా ఐదు నుంచి ఎనిమిది రోజులు, వంగ ఏడు నుంచి పది, మిరప ఎనిమిది నుంచి పన్నెండు రోజులు తీసుకుంటుంది. మిరప ఆలస్యమైందని టెన్షన్ పడి తవ్వి చూడకండి.

ట్రేలను నేల మీద పెట్టకండి. బల్ల మీదో, ఇటుకల మీద చెక్క పరిచో పెట్టండి. వానలకు నత్తలు బయల్దేరి ఒక్క రాత్రిలో ట్రే అంతా నాకేస్తాయి. తోటకూర విత్తనాలనైతే చీమలే మోసుకుపోతాయి, బల్ల కాళ్లు నీళ్ల గిన్నెల్లో ఉంచాలి. కొబ్బరాకుల పందిరి గానీ, 50 శాతం నీడనిచ్చే ఆకుపచ్చ నెట్ గానీ వేయండి. వాన నేరుగా పడకుండా పైన ప్లాస్టిక్ షీటు వాలుగా కట్టాలి, పక్కల నుంచి గాలి ఆడాలి. మిరపకీ టమాటాకీ చుట్టూ సన్నటి కన్నుల నైలాన్ నెట్ కడితే తెల్లదోమ చాలావరకు ఆగుతుంది. అది మోసుకొచ్చే ఆకుముడత వైరస్ నారు దశలోనే సోకితే ఆ మొక్క ఇక కాయదు. ఆ నెట్‌కి పెట్టే డబ్బు వృథా కాదు.

నారు కోసం ఎన్ని చేసినా, ఎక్కువ మంది పోగొట్టుకునేది నీళ్ల దగ్గరే. ప్రేమకొద్దీ పొద్దునా సాయంత్రం పోస్తారు. మొలక మొదలు దగ్గర నీళ్లలో ఉడికినట్టు మెత్తబడి, సన్నగా నొక్కుకుపోయి పక్కకు ఒరిగితే అది నారుకుళ్లు. ఒక చోట మొదలై గుండ్రంగా పాకుతుంది. రాకుండా చూసుకోవడమే దారి. రోజూ పొద్దున్న ఒక్కసారే, సన్నటి జల్లుతో పోయండి, సాయంత్రానికి పైమట్టి ఆరాలి. ముసురు పట్టిన రోజు పొయ్యనక్కర్లేదు. వస్తే ఆ ట్రేను వేరుగా పెట్టి, మిగతా వాటికి లీటరు నీళ్లలో 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడిచేలా పోయండి. అది పోశాక కనీసం పది రోజులు ఆ మట్టిలో ట్రైకోడెర్మా వేయకండి, రాగి మందు దాన్ని కూడా చంపుతుంది.

రెండు మొక్కలున్న గుంటలో బలహీనమైనదాన్ని పీకకుండా గోళ్లతో తుంచేయండి. పీకితే రెండోదాని వేరు కూడా కదులుతుంది. టమాటా నారు 25 నుంచి 30 రోజులకు, వంగ 30 నుంచి 35 రోజులకు, మిరప 40 రోజులు దాటాక నాటడానికి వస్తుంది. అంతకంటే ముదిరిన నారు పొడుగ్గా కనిపించినా నిలదొక్కుకోవడానికి చాలా రోజులు తీసుకుంటుంది. నాటే ముందు వారం రోజులు నీళ్లు తగ్గించి, నీడ కొంచెం కొంచెంగా తీసేసి ఎండకు అలవాటు చేయండి. ఈ వారం చాలామంది వదిలేస్తారు. పందిరి కింద సుకుమారంగా పెరిగిన మొక్క ఒక్కసారిగా ఎండలోకి వస్తే ఆకు కాలిపోతుంది.

తీగ కూరగాయలకు నారు అక్కర్లేదు. బీర, కాకర, ఆనప వేళ్లు కదిలితే కోలుకోవు. రాత్రంతా నానబెట్టిన విత్తనాన్ని మడి అంచున పాదులో నేరుగా పెట్టండి. వానలు ఎక్కువగా ఉంటే కాగితం కప్పుల్లో పోసి, రెండు అసలు ఆకులు వచ్చాక కప్పుతో సహా దించండి. బెండ, గోరుచిక్కుడు కూడా నేరుగానే.

నాటేది సాయంత్రం ఎండ చల్లబడ్డాక. వంగకి మొక్కకీ మొక్కకీ రెండడుగులు ఉండాలి, అంటే మీ మడిలో ఒక్కో వరుసకి ఐదు మొక్కలు, రెండు వరుసలు. ఇరుకుగా పెడితే గాలి ఆడక తెగులు వస్తుంది. నాటాక వరిగడ్డిని మడి మీద రెండంగుళాల మందం పరవండి. వాన చినుకు మట్టిని ఆకుల మీదికి చిమ్మకుండా, పైమట్టి పెచ్చు కట్టకుండా గడ్డే కాపాడుతుంది. కాండానికి మాత్రం మూడంగుళాల దూరం వదలండి, లేకపోతే గడ్డి కింద నత్తలు చేరి మొదలు కొరికేస్తాయి.

ముందు ఆ గుంతల పరీక్ష చేయండి. నాలుగు గుంతల్లో రెండోసారి పోసిన నీళ్లు ఎంతసేపటికి దిగాయో, బోరు నీళ్లు ఎలా ఉన్నాయో, మెరకలో ఏం తగిలిందో రాస్తే మడి ఎంత ఎత్తు లేపాలో, బోదె ఎటు తీయాలో చెప్తాను.